అమ్మ వంతు నీళ్ళు

ఆల్బుకర్కీ,
11 జూన్ 1986

మామయ్యకి,

క్షేమంగా చేరాను. అత్తయ్య కట్టిచ్చిన రొట్టెలూ మిరపకాయల కూరా దారిలోనే అయిపోయాయి. పక్క సీటావిడ వాసన పీలుస్తూ నా ఒళ్ళోకే చూస్తోంటే సగం ఆవిడకి పెట్టక తప్పలేదు.

ఇక్కడ మేము ఇరవై నాలుగు మందిమి. అందరం లేనివాళ్ళ ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళమే, అందరికీ డాక్టర్ చదువు మీదే కన్ను. నా గదిలో ఉండే బెర్నిటా నవాహో తెగ పిల్ల, గొర్రెల మందల మధ్య పెరిగింది. మొదటి రోజే మా చేతుల్లో తలా ఒక గొర్రె గుండె పెట్టారు. అందరూ ముక్కులు మూసుకుంటే బెర్నిటా మాత్రం "మా ఇంట్లో అయితే ఈపాటికి దీన్ని పొయ్యి మీద పెట్టేసేవాళ్ళు" అంది. నాకు నవ్వాగక గుండె కింద పడేశాను. మామయ్యా, కోసి చూస్తే లోపల నాలుగు తూములున్నాయి! రక్తాన్ని ముందుకి పోనిస్తాయి, వెనక్కి రానివ్వవు. నువ్వు చూసి తీరాలి.

పొద్దున శరీరం గురించి, మధ్యాహ్నం కెమిస్ట్రీ, సాయంత్రం ఇంటర్వ్యూలో ఎలా కూర్చోవాలో, ఎలా మాట్లాడాలో నేర్పుతారు. ఏడు వారాల తర్వాత, జూలై ముప్పయ్యో తేదీన, ఐదుగురు పెద్దల ముందు అసలు ఇంటర్వ్యూ. ఆరుగురిని ఏరుకుంటారు. డిగ్రీ కాగానే ఆ ఆరుగురికీ మెడికల్ కాలేజీలో సీటు ఖాయం. మిగతావాళ్ళు దేశమంతటితో పోటీ పడాలి. నా కెమిస్ట్రీ మార్కులతో ఆ పోటీలో నేనెక్కడ తేలతానో నీకు తెలుసు. నాకున్న దారి ఇదొక్కటే.

దీంతో ఒక పత్రం పంపుతున్నాను. మన ఇంటి పరిస్థితి గురించి నేను నింపాను. పెంచిన పెద్దగా నువ్వు సంతకం చెయ్యాలి. జూలై ఇరవై అయిదులోగా ఇక్కడ ఉండాలి.

కాలువలో నీళ్ళెలా ఉన్నాయి? అమ్మ మడిలో ఈసారైనా ఏమన్నా వేశావా?

ఎర్లిండా


ప్లాసితా బ్లాంకా,
17 జూన్

పిల్లా ఎర్లిండా,

ఉత్తరం అందింది. పోస్టాఫీసు ఎపిమేనియా ముందే చదివేసిందని నా అనుమానం. నేను కవరు చించకముందే "గొర్రె గుండె కింద పడేసిందటగా మీ పిల్ల" అంది.

నీ పత్రం చదివాను. సంతకం పెట్టను. మనది కష్టాల్లో మునిగిన ఇల్లని నేను ఒప్పుకోవాలట. ఎవరు మునిగారు? ఇల్లుంది, పొలముంది, మేకలున్నాయి. పచ్చ ట్రక్కుంది. కొని ఇరవై నాలుగేళ్ళు, ఇవాళ్టి వరకు ఒక్క పూట మొరాయించలేదు. పట్నంలో ఎవడి బండైనా అలా నడిచిందేమో కనుక్కో. నలభై ఎనిమిది మంది రైతులు పదహారేళ్ళుగా నన్నే కాలువ పెద్దగా ఎన్నుకుంటున్నారు. ఎవరి వంతు ఎప్పుడో రాసే పుస్తకంలో పెట్టే సంతకం అది. దాన్ని తీసుకెళ్ళి బీద అరుపుల కింద పెట్టమంటావా?

కాలువ సన్నగా పారుతోంది. మళ్ళీ పదకొండు రోజులకోసారి వంతు పెట్టాను. నీ పెదనాన్న వరస మకారియో తన వంతుకి ముందే తూము పలక ఎత్తుతూ దొరికాడు. "గాలికి లేచింది" అన్నాడు. ఆ పలక బరువు నలభై పౌన్లు.

అన్నట్టు, ఆ గుండెలో నాలుగు తూములన్నావు. వాటిని ఎవరు ఎత్తుతారు, ఎవరు దించుతారు? అక్కడ పెద్ద ఎవరు? పెద్ద లేకుండా నాలుగు తూములు తగువు లేకుండా నడవడం నేనెక్కడా చూడలేదు.

మీ అమ్మ మడి గురించి ప్రతిసారీ ఎందుకడుగుతావు? చవుడు పట్టిందని చెప్పాగా.

మామయ్య


ఆల్బుకర్కీ,
25 జూన్

మామయ్యకి,

నీ ప్రశ్న మేస్టార్ని అడిగాను. తూములకి పెద్ద లేడట. వెనకనుంచి రక్తం తోస్తే తెరుచుకుంటాయి, ముందునుంచి తోస్తే మూసుకుంటాయి. ఎప్పుడు కొట్టుకోవాలో చెప్పడానికి మాత్రం గుండె పైభాగంలో గింజంత కండ ఒకటి ఉంది. అదే నీ లెక్కన పెద్ద. పదహారేళ్ళు కాదు, పుట్టిన దగ్గర్నుంచీ పదవి దానిదే. ఎన్నిక లేదు. మకారియో పెదనాన్నకి చెప్పకు.

ఇంకో వింత. రోగుల వేషం వేసేవాళ్ళని తీసుకొస్తారు. ఉద్యోగాలు మానేసిన ముసలివాళ్ళు, మంచం మీద పడుకుని మూలుగుతారు. మనం ప్రశ్నలడిగి రోగమేమిటో కనిపెట్టాలి. నేను వెళ్ళగానే "మీకు ఛాతీనొప్పా?" అనడిగాను. "కాదమ్మా, నువ్వు ఎవరో చెప్పనేలేదు" అన్నాడు ఆ పెద్దాయన. అందరూ నవ్వారు. సున్నా వచ్చింది.

సంతకం సంగతి. మేం దిక్కులేనివాళ్ళమని ఆ పత్రంలో ఎక్కడా లేదు మామయ్యా. జరిగింది జరిగినట్టే రాశాను. ఇంటర్వ్యూకి రాసిన వ్యాసంలోనూ అదే ఉంది. చూడు:

"1975 ఆగస్టులో మా అమ్మ అడెలైడాకు కడుపునొప్పి వచ్చింది. ఆసుపత్రి అరవై రెండు మైళ్ళు. ఇంట్లో ఉన్న ఒక్క బండీ ఆ రోజు చెడిపోయి ఉంది. అది బాగుపడేసరికి ఆలస్యమైంది. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. అందుకే నేను డాక్టర్ కావాలనుకుంటున్నాను."

మా తరగతులు నడిపే డాక్టర్ లొవాటో చదివి, "పెద్దలు దీన్నే పట్టుకుని అడుగుతారు. గట్టిగా నిలబడు" అంది. పత్రంలోనూ వ్యాసంలోనూ ఒకే మాట ఉండాలి, కింద నీ సంతకం ఉండాలి. లేకపోతే నన్ను ఇంటర్వ్యూకే పిలవరు. నీ పరువు కాలువంత పొడవని నాకు తెలుసు. నా కోసం ఒక్కసారి కాస్త వంచు.

ఎర్లిండా


ప్లాసితా బ్లాంకా,
1 జూలై

ఎర్లిండాకి,

ఆ వ్యాసంలోంచి బండి మాట తీసెయ్. పత్రంలోంచి కూడా తీసెయ్. కావాలంటే వేరే ఏదైనా రాసుకో. ఊళ్ళో బడి చిన్నదనో, చలికాలం దారి మూసుకుపోతుందనో రాయి, సంతకం పెడతాను.

నీళ్ళు ఇంకా తగ్గాయి.

మామయ్య

అమ్మాయ్, ఇది అత్తయ్యని. కవరు అంటించమని నాకిచ్చాడు, అందుకని కింద రాస్తున్నాను. నీ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచి మీ మామయ్య సరిగ్గా తినడంలేదు. రోజూ పొద్దున వెళ్ళి ట్రక్కు బానెట్ ఎత్తి నిలబడుతున్నాడు. దానికి ఏ రోగమూ లేదు. నేను చెప్పాల్సింది కాదు కాబట్టి చెప్పను. నువ్వు అడుగు.


ఆల్బుకర్కీ,
7 జూలై

మామయ్యకి,

ఇవాళ వేషం వేసినావిడకి కడుపునొప్పి. ఈసారి ముందు నా పేరు చెప్పాను. నొప్పి ఎప్పుడు మొదలైంది, ఎక్కడ మొదలైంది, ఎక్కడికి జరిగింది, ఏం చేస్తే తగ్గింది అని వరసగా అడిగాను. అపెండిక్స్ అని పట్టుకున్నాను. బెర్నిటా ఈల వేసింది. డాక్టర్ లొవాటో మాత్రం "ఒకటి వదిలేశావు. నొప్పి నిన్న మొదలైతే ఇవాళ ఎందుకొచ్చింది? ఈ మధ్యలో ఏం జరిగింది? చాలాసార్లు రోగం కన్నా ఆ జవాబే ముఖ్యం" అంది.

గదికొచ్చి నీ ఉత్తరాలన్నీ ముందేసుకున్నాను. మొదటిదాంట్లో ట్రక్కు ఇరవై నాలుగేళ్ళలో ఒక్క పూట మొరాయించలేదని రాశావు. 1975 ఆగస్టు ఆ ఇరవై నాలుగేళ్ళలోనే ఉంది.

ఆ మూడు రోజులూ నేను అత్తయ్య పుట్టింట్లో ఉన్నాను. బండి చెడిపోయిందని నాకు చెప్పింది నువ్వే. పదకొండేళ్ళు అదే నమ్మాను. ఆ ట్రక్కు ఎక్కినప్పుడల్లా దాని చక్రాన్ని ఒక తన్ను తన్నేదాన్ని, గుర్తుందా? నువ్వు చూసి కూడా ఏమీ అనేవాడివి కాదు.

నిన్ను నిలదీయడానికి కాదు. నాకు తెలుసుకోవాలని ఉంది, అంతే. అమ్మకి నొప్పి ఎప్పుడు మొదలైంది? ఎక్కడ? వాంతి అయిందా? మధ్యలో తగ్గిందా? తను ఏమంది, నువ్వు ఏమన్నావు? గుర్తున్నది గుర్తున్నట్టు రాయి. అందంగా రాయక్కర్లేదు.

ఎర్లిండా


ప్లాసితా బ్లాంకా,
12 జూలై

ఎర్లిండాకి,

నువ్వు అడిగిన వరసలోనే రాస్తాను. లేకపోతే నావల్ల కాదు.

ముందురోజు సాయంత్రం బొడ్డు దగ్గర నొప్పి అంది. జామ్ కోసం ఉడికిస్తున్న ఆప్రికాట్లు ఎక్కువ తిన్నావని ఎగతాళి చేశాను. మర్నాడు ఆమె వంతు, పొద్దు పొడిచిన దగ్గర్నుంచి పొద్దు గూకేదాకా. అప్పటికి మీ నాన్న పోయి నాలుగేళ్ళు, ఆ బీన్స్ మడే మీ ఇద్దరికీ ఏడాది తిండి. నేను తూము తెరవడానికి వెళ్ళేసరికి గట్టు మీద వంగి కూర్చుంది. చెయ్యి కుడివైపు, కింద. ఒకసారి వాంతి అయిందంది.

"అన్నయ్యా, ఒంట్లో బాగాలేదు. ఈ వంతు రేపటికి మార్చగలవా?" అనడిగింది.

ఆ ఏడు కరువు. అంతకు వారం ముందే మకారియో తన ఆవు దూడని ఈనుతోందని వంతు మార్చమంటే కుదరదని పంపేశాను. "నా చెల్లెలికో రూలు, ఊరికో రూలా అంటారు అడెలా. ఎలా మార్చను?" అన్నాను.

మళ్ళీ అడగలేదు. "సరేలే, పారనీ. అయ్యాక వెళ్దాం" అంది. నేనే పార తీసుకుని ఆమెని నీడన కూర్చోబెట్టాను. రెండు గంటలప్పుడు "తగ్గింది అన్నయ్యా" అని నవ్వింది. మంచినీళ్ళు తాగింది. నాకు ప్రాణం లేచొచ్చింది. తగ్గిందిగా అని మిగతా సాళ్ళన్నీ తడిపాను. ఒక్క సాలు కూడా వదల్లేదు.

పొద్దు గూకేసరికి ఒళ్ళు కాలిపోతోంది. పొట్ట చెక్కలా బిగిసింది. ట్రక్కు మొదటి తిప్పుకే కదిలింది. మూడో రోజు ఆసుపత్రిలో పోయింది.

నువ్వు వచ్చి "ఎందుకు తీసుకెళ్ళలేదు?" అనడిగావు. తొమ్మిదేళ్ళదానివి. బండి చెడిపోయిందన్నాను. తర్వాత నువ్వు పెద్దదానివవుతూ వచ్చావు, నాకు నోరు రాలేదు. నువ్వు ఆ చక్రాన్ని తన్నినప్పుడల్లా నన్నే తన్నుతున్నావనుకునేవాణ్ణి.

బీదవాళ్ళం కాదని నేను సంతకం పెట్టకపోవడం కాదు. ఆ అబద్ధం కింద నా పేరు రాయలేకపోయాను.

ఫిదెన్సియో మామయ్య


ఆల్బుకర్కీ,
17 జూలై

మామయ్యకి,

నీ ఉత్తరం రెండు రోజులు కెమిస్ట్రీ పుస్తకంలో పెట్టుకు తిరిగాను. చదివినప్పుడల్లా అమ్మ ఒక్కసారే అడిగిందన్న చోట ఆగిపోతున్నాను. నీ మీద నాకు చాలా కోపంగా ఉంది. "రేపు పెట్టుకో" అంటే సరిపోయేది మామయ్యా. ఒక్క మాట.

ఆ రెండు గంటల సంగతి డాక్టర్ లొవాటోని అడిగాను. పేర్లు చెప్పలేదు. అపెండిక్స్ లోపల ఉబ్బి ఉబ్బి చివరికి పగిలితే, ఒత్తిడి పోయి కాసేపు నొప్పి తగ్గినట్టుంటుందట. అసలు ప్రమాదం అప్పుడే మొదలు. తర్వాత కొన్ని గంటలకి చీము పొట్టంతా పాకుతుంది. "తగ్గింది అని రోగి నవ్వితే డాక్టర్ భయపడాలి" అంది. అమ్మ నవ్విందని రాశావే, అదే.

అది నీకు తెలిసే వీలు లేదు. ఇంట్లో ఉంటే నేనూ సంతోషించేదాన్నే. పొద్దున అడిగినప్పటి మాట వేరు. అక్కడ నీకు తెలుసు. ఈ రెండూ వేర్వేరు మామయ్యా. మధ్యాహ్నం విషయంలో నీ తప్పేమీ లేదు. పొద్దుటి విషయంలో ఉంది. రెంటినీ కలిపి నిన్ను నేను తిట్టను, నువ్వూ కలిపి మొయ్యకు.

ఇప్పుడు వ్యాసం. బెర్నిటా "బండి చెడిపోయిందనే ఉంచు, ఎవరొచ్చి ఇంజిన్ విప్పి చూస్తారు?" అంటోంది. నిజం రాస్తే బండీ ఉంది, దారీ ఉంది, మన కష్టం చిన్నదిగా కనబడుతుంది. సీటు పోయినా పోవచ్చు. కానీ ఇప్పుడు తెలిశాక అయిదుగురి ముందు ఆ అబద్ధం చెబితే నా గొంతే నన్ను పట్టించేస్తుంది. కొత్త వ్యాసం రాశాను, నకలు ఇందులో ఉంది. అందులో నువ్వున్నావు. నువ్వు సరే అంటేనే ఇస్తాను. వద్దంటే బడి చిన్నదని రాసుకుంటాను, నీ మీద ఒట్టు, మళ్ళీ ఈ మాట ఎత్తను.

ఇంకొక్కటి. అమ్మ మడి నిజంగా చవుడేనా?

ఎర్లిండా


ప్లాసితా బ్లాంకా,
21 జూలై

ఎర్లిండాకి,

పత్రం ఇదిగో. వాహనం అన్న గడిలో నీ రాత కొట్టేసి నా చేత్తో రాశాను: "ట్రక్కు ఉంది. బాగా నడిచేది. తీసుకెళ్ళవలసినవాడు సమయానికి తీసుకెళ్ళలేదు." కింద సంతకం. కాలువ పుస్తకంలో పెట్టేదే.

నీ కొత్త వ్యాసం ఇచ్చెయ్. "మామయ్య మంచివాడు" అన్న వాక్యం తీసెయ్. దాంతో వాళ్ళకేం పని?

ఎపిమేనియా చేతిలో పెట్టకుండా ట్రక్కులో సాంటా ఫే దాకా వెళ్ళి అక్కడ పోస్టు చేస్తున్నాను. ఆలస్యం కాకూడదు.

మామయ్య


ఆల్బుకర్కీ,
1 ఆగస్టు

మామయ్యకి,

ఇంటర్వ్యూ అయింది. మొత్తం చెప్తాను, ఆగు.

పొడుగు బల్ల, అవతల అయిదుగురు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఏడు వారాలు నేర్చుకున్నదంతా గుమ్మంలోనే మరిచిపోయాను. మధ్యలో కూర్చున్న కళ్ళజోడాయన నీ పత్రం పైకెత్తి పట్టుకుని, "ఈ గడిలో మీ మామయ్యగారి రాత చూశాం. ఇక్కడికొచ్చే పత్రాల్లో ఇలాంటిది నేనెప్పుడూ చూళ్ళేదు" అన్నాడు. మెచ్చుకోలో వెక్కిరింపో తెలియలేదు.

తర్వాత సూటిగా అడిగాడు. "బండి ఉంది. దారి ఉంది. ఆసుపత్రి ఉంది. అయినా మీ అమ్మగారు వేళకి రాలేదు. అలాంటివాళ్ళకి డాక్టర్‌గా నువ్వు ఏం చెయ్యగలవమ్మా?"

మన కాలువ గురించి చెప్పాను. పదకొండు రోజులకోసారి వంతని, అది పోతే ఏడాది తిండి పోతుందని, అందరికీ ఒకటే రూలు పెట్టినవాడు తన చెల్లెలికీ అదే పెట్టాడని చెప్పాను. చెప్పి, "ఎందుకింత ఆలస్యం చేశారని నేను కసరను సార్. నొప్పి ఎక్కడ అని అడిగాక, ఇవాళ ఏ పని వదిలేసి వచ్చారు అని అడుగుతాను. ఆ పనికి ఒక దారి చూపిస్తేనే వాళ్ళు ఈసారి పొద్దున్నే వస్తారు" అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. చివరున్నావిడ మాత్రం "నువ్వు మీ మామయ్యని క్షమించావా?" అని అడిగింది. ఈ ప్రశ్న మాకెవరూ నేర్పలేదు. "ఇంకా లేదు. ఉత్తరాలు రాసుకుంటున్నాం" అన్నాను.

ఇవాళ పొద్దున తలుపు మీద కాయితం అంటించారు. బెర్నిటా పేరు మూడోది. నాది ఆరోది, ఆఖరుది. వచ్చే ఏడాది కెమిస్ట్రీ గట్టెక్కాలి, అప్పుడే సీటు. మామయ్యా, నా పేరు ఉంది!

ఆగస్టు నెలంతా ఇక్కడే డాక్టర్ లొవాటో లాబ్‌లో పని చేస్తాను. ఇంటికి రాను. చవుడు గురించి నువ్వింకా చెప్పలేదు.

ఎర్లిండా


ప్లాసితా బ్లాంకా,
24 ఆగస్టు

ఎర్లిండాకి,

ఇన్నాళ్ళూ రాయలేదని కోపగించుకోకు. ఒకటి తేలేదాకా ఆగాను.

నీ పేరు వచ్చిన సంగతి ఎపిమేనియా ద్వారా ఊరందరికీ తెలిశాకే నాకు తెలిసింది. మీ అత్తయ్య ఏడ్చింది. నేను కాలువ దాకా నడిచి వచ్చాను.

ఆ ఆదివారం కాలువ సభ. నీ వ్యాసం నకలు నా దగ్గర ఉందిగా. లేచి, నలభై ఎనిమిది మంది ముందు చదివాను. చివరిదాకా చదవడానికి రెండుసార్లు ఆగాల్సొచ్చింది. చదివి, ఇంట్లో జబ్బుంటే వంతు మార్చాలి, అడిగింది ఎవరైనా సరే అని రూలు రాద్దామన్నాను. జన్మలో దేనికీ ఒప్పుకోని మకారియో మొదట చెయ్యెత్తాడు. "దూడలు కూడానా?" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. దూడల్ని రాయలేదు. మనుషుల్ని రాశాం.

ఇక నువ్వు అడిగింది. మీ అమ్మ మడి చవుడని పదకొండేళ్ళుగా అందరికీ చెబుతున్నాను. నిజానికి నాకే తెలియదు. ఆ రోజు పొద్దు గూకాక దించిన పలక నేను మళ్ళీ ఎత్తలేదు. ఎప్పుడైనా ఎత్తాలని చెయ్యి పెడితే, ఆమె ఆ గట్టు మీదే కూర్చుని ఉన్నట్టుండేది. ఎండిపోయిన నేల మీద తెల్లగా ఏదో కనబడితే, చవుడు అనేశాను. ఎవరూ తవ్వి చూడలేదు.

సభ మర్నాడు మన వంతు. పలక తుప్పుపట్టి కదల్లేదు. నేను గునపంతో లేపితే మీ అత్తయ్య కింద రాయి పెట్టింది. నీళ్ళు చాలాసేపు లోపలికి పోవడమే ఇష్టం లేనట్టు తచ్చాడి, తర్వాత పోయాయి. మీ అమ్మ విత్తనానికి దాచిన బీన్స్ సీసా మీ అత్తయ్య అటక మీద ఉందట, నాకిన్నాళ్ళూ చెప్పలేదు. మన ఇంట్లో దాచిపెట్టింది నేనొక్కణ్ణే కాదన్నమాట. పన్నెండు గింజలు నాటాను. నాలుగు లేచాయి. ఆకులు పచ్చగా ఉన్నాయి, అంచులు మాడలేదు. వచ్చే నెల మంచుకి పోతాయి, తెలుసు. పంట కోసం కాదు.

నేల చవుడు కాదు. నిన్ననే నమ్మకం కుదిరింది, అందుకే ఇవాళ రాస్తున్నాను.

వచ్చే వసంతం నుంచి ఆ మడి వంతు కాలువ పుస్తకంలో నీ పేరున రాశాను, ఎర్లిండా ఆర్చులెటా అని. ఇక నుంచి కాలువ పూడిక తీతకి ఒక రోజు కూలి కూడా నువ్వు బాకీ. చదువు పనిమీద రాలేని రోజు వంతు పడితే, ఒక ముక్క రాసి మార్చమని అడుగు. ఒక్కసారి అడిగితే చాలు. మారుస్తాను.

మామయ్య